చెట్ల మధ్య డిస్క్ గోల్ఫ్: విశాఖ పార్కులో తొలి రౌండు ఆడడం ఎలా

డిస్క్ గోల్ఫ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకచోట నిలబడి డిస్కు, అంటే ఫ్రిస్బీలాంటి చిన్న పళ్ళెం, విసరాలి. అది పడ్డచోటి నుంచి మళ్ళీ విసరాలి. గమ్యానికి తగిలేదాకా ఇంతే. ఎవరు తక్కువ విసుర్లలో ముగిస్తే వాళ్ళదే గెలుపు. ఖాళీ మైదానంలో అయితే ఇది భుజబలం ఉన్నవాళ్ళ ఆట. చెట్లున్న పార్కులో ఆ లెక్క చెల్లదు. 100 మీటర్లు విసరగల కుర్రాడు మొదటి చెట్టుకే కొట్టి పొదలో వెతుక్కుంటూ ఉంటాడు. 40 మీటర్లు దాటించలేని పెద్దాయన మూడు తిన్నని విసుర్లతో అతన్ని దాటిపోతాడు. ఈ వ్యాసమంతా ఆ పెద్దాయనలా ఆడడం గురించి.

గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు ఉంటేనే ఆట అనుకుని చాలామంది మొదలుపెట్టకుండానే ఆగిపోతారు. ఆట పుట్టినప్పుడు బుట్టలే లేవు. అమెరికాలో 1960, 70 దశకాల్లో కుర్రాళ్ళు పార్కుల్లో చెట్లకూ, దీపస్తంభాలకూ, చెత్తకుండీలకూ గురిపెట్టి ఆడుకునేవాళ్ళు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు వేశాడు. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) మొదలైంది. డిస్కును పట్టి ఆపే గొలుసుల బుట్టకు ఆయనకు పేటెంటు వచ్చింది 1977లో. అంటే బుట్ట కంటే ఆటే పెద్దది. నేటికీ పీడీజీఏ నియమాల్లో చెట్టులాంటి వస్తువును గమ్యంగా పెట్టుకుని ఆడే వీలుంది. ఆ పద్ధతి మన ఊరికి సరిగ్గా సరిపోతుంది.

ముందుగా స్థలం, అనుమతి

విశాఖలో చెట్లకు కొదవ లేదు. అలాగని చెట్లున్న ప్రతిచోటా డిస్కు విసరకూడదు. కంబాలకొండ వన్యప్రాణుల అభయారణ్యం, అటవీశాఖ అధీనంలోది. అక్కడి దారులు నడవడానికి, చూడడానికి మాత్రమే. భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బలు భూగర్భ శాస్త్రం దృష్టిలో వారసత్వ సంపద. అక్కడ కాలు జారినా మట్టి రాలుతుంది, కాబట్టి అదీ వద్దు. బీచ్ రోడ్డులోని వుడా పార్కు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కు చక్కగా ఉంటాయి గానీ, సాయంత్రమైతే చాలు చంటిపిల్లల తల్లులూ, తాతలూ నిండిపోతారు. జనం మధ్య ఈ ఆట ఆడకూడదు.

మీకు కావలసింది ఎదిగిన చెట్లు, వాటి కింద పొద తక్కువ, నడకదారి ఒక పక్కకే ఉండే మూల. ముడసర్లోవలాగా ఊరి అంచున ఉన్న పార్కులు, తీరం వెంట సరుగుడు తోపులు, కాలనీ పార్కుల వెనక భాగాలు ఈ కోవలోకి వస్తాయి. ఆ స్థలం నగరపాలక సంస్థ (జీవీఎంసీ)దా, నగరాభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ)దా, అటవీశాఖదా, కాలనీ సంఘానిదా అన్నది ముందు తెలుసుకోండి. మామూలుగా గేటు దగ్గరి బోర్డు మీదే ఉంటుంది. ఎవరిదైతే వాళ్ళకు ఒక పేజీ అర్జీ పెట్టండి. ఎంతమంది వస్తారు, ఏ వేళకు వస్తారు, ఏ మూలలో ఆడతారు అన్నవి రాసి, చెట్లకు మేకులు కొట్టబోమని, రంగులు వేయబోమని, నేల తవ్వబోమని స్పష్టంగా చెప్పండి. అర్జీలో ఆ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం. ఉద్యానవన విభాగంలో ఎవరైనా మొదట అడిగేది మొక్కల గురించే.

కాగితం మీద అనుమతి ఉన్నా, గేటు దగ్గరి వాచ్‌మన్‌ను కలుపుకోకపోతే పని జరగదు. "ఏటి బాబూ, పళ్ళేలట్టుకొచ్చారు?" అని అడుగుతాడు. ఒక డిస్కు ఆయన చేతికిచ్చి, "ఓసారి విసిరి చూడు బాబాయ్" అనండి. ఆ తర్వాత పొదలో పడ్డ డిస్కులు ఆయనే తెచ్చిస్తాడు.

వేళ విషయానికొస్తే, ఉదయం 5 నుంచి 8 దాకా పార్కు వాకర్స్‌ది. సాయంత్రం పిల్లలది. పనిదినాల్లో పొద్దున 9 దాటాక, ఎండ ముదరకముందు ఉన్న సమయం మీది. పార్కు ఆ వేళ తెరిచి ఉంటుందో లేదో ముందే అడిగి పెట్టుకోండి. కొన్ని పార్కులను మధ్యాహ్నం పూట మూసేస్తారు.

రాజీపడకూడని జాగ్రత్త ఒకటుంది. గోల్ఫ్ డిస్కు అంచు గట్టిగా, పలచగా ఉంటుంది. తలకు తగిలితే కుట్లు పడతాయి. విసిరే దారిలోగానీ, చెట్టుకు తగిలి పక్కకు మళ్ళితే పడగల చోటగానీ మనిషి కనిపిస్తే చేయి ఎత్తకండి. వాళ్ళు పూర్తిగా దాటాకే విసరండి. మలుపు అవతల ఏముందో కనిపించకపోతే మీ జట్టులో ఒకరు ముందుకు వెళ్ళి నిలబడి చేయి ఊపాలి. చేతిలోంచి పోయిన డిస్కు తప్పుదారి పడితే వెంటనే "డిస్కూ... చూసుకోండి!" అని గట్టిగా అరవండి. బయటిదేశాల్లో "ఫోర్" అని అరుస్తారు. మన పార్కులో అలా అరిస్తే, ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారనుకుంటారు.

డిస్కులు: మూడు చాలు

బీచ్‌లో అల్టిమేట్ (ఫ్రిస్బీతో ఆడే జట్టు ఆట) ఆడేవాళ్ళ దగ్గర ఉండే 175 గ్రాముల ఫ్రిస్బీ వేరు, ఇది వేరు. గోల్ఫ్ డిస్కు సుమారు 21 సెంటీమీటర్ల వ్యాసంతో చిన్నగా ఉంటుంది. బరువు చాలావాటికి 150 నుంచి 180 గ్రాముల మధ్య. పుటర్, మిడ్‌రేంజ్, ఫెయిర్‌వే డ్రైవర్, డిస్టెన్స్ డ్రైవర్ అని రకాలున్నాయి. పేరు చూసి అందరూ మొదట కొనేది డిస్టెన్స్ డ్రైవరే. చెట్ల మధ్య ఆడేటప్పుడు దాన్ని ఇంట్లో వదిలేసి రండి. అది సరిగ్గా ఎగరాలంటే చాలా వేగం ఇవ్వాలి. ఆ వేగం లేకపోతే ఎడమకు కుంగి పడిపోతుంది, ఉంటే చెట్టుకు తగిలి ఎక్కడికో పోతుంది.

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటిది వేగం, అంటే సరిగా ఎగరడానికి దానికి కావలసిన వేగం. రెండోది గాలిలో తేలే గుణం. మూడోది మొదట్లో కుడికి తిరిగే గుణం, మైనస్ ఎంత ఎక్కువైతే అంత కుడికి. నాలుగోది వేగం తగ్గాక ఎడమకు వాలే గుణం. ఈ కుడి ఎడమలు కుడిచేతివాళ్ళు బ్యాక్‌హ్యాండ్‌గా, అంటే చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి తీసుకెళ్ళి ముందుకు, విసిరినప్పటివి. ఎడమచేతివాళ్ళు తిరగేసి చదువుకోవాలి.

మొదలుపెట్టడానికి ఇన్నోవా వాళ్ళ ఏవియార్ (2, 3, 0, 1) లాంటి పుటర్, డిస్‌క్రాఫ్ట్ వాళ్ళ బజ్ (5, 4, -1, 1) లాంటి మిడ్‌రేంజ్, లెపర్డ్ (6, 5, -2, 1) లాంటి నెమ్మదైన ఫెయిర్‌వే డ్రైవర్ ఉంటే సరి. అచ్చం ఇవే కొనక్కర్లేదు, అంకెలు వీటి దరిదాపుల్లో ఉంటే చాలు. చివరి రెండు అంకెలూ సున్నాకు దగ్గరగా ఉన్న డిస్కు తిన్నగా పోతుంది. చెట్ల మధ్య మీకు కావలసింది ఆ తిన్నదనమే. డబ్బు ఒక్కదానికే ఉంటే పుటరే కొనండి.

ప్లాస్టిక్‌లోనూ తేడా ఉంది. మామూలు రకం చేతికి బాగా అంటుకుంటుంది కానీ సరుగుడు బెరడుకు నాలుగుసార్లు తగిలితే అంచు గీరుకుపోతుంది. అలా నలిగిన డిస్కు మునుపటి కంటే కుడికి తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని పారేయకండి, కుడివైపు వంగే దారులకు ఉంచుకోండి. ఖరీదైన గట్టి ప్లాస్టిక్ ఎక్కువ కాలం ఒకేలా ఎగురుతుంది.

రంగు ఎంపిక వింతగా అనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. ఆకుపచ్చ ఎలాగూ వద్దు. నారింజ, పసుపు కూడా వద్దు, రాలిన ఆకుల్లో కలిసిపోతాయి. ముదురు గులాబీ, లేత నీలం దూరం నుంచే కనిపిస్తాయి. అడుగున మీ ఫోన్ నంబరు చెరగని మార్కర్‌తో రాయండి. సంచిలో రెండు తువ్వాళ్ళు పెట్టుకోండి. మన ఊరి ఉక్కలో అరచేయి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, తడి చేతిలోంచి డిస్కు ముందే జారిపోతుంది.

ఆరు గమ్యాలతో కోర్సు వేయడం

పూర్తి కోర్సుకు 9 లేక 18 గమ్యాలు ఉంటాయి. మీరు ఆరుతో మొదలుపెట్టండి. చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చేలా వేసుకుంటే నడక తగ్గుతుంది. ఒక్కోటి 35 నుంచి 70 మీటర్ల లోపు ఉంటే కొత్తవాళ్ళకు బాగుంటుంది. అన్నిటికీ పార్, అంటే ఇన్ని విసుర్లలో ముగించాలన్న లెక్క, మూడు అని పెట్టుకోండి.

గమ్యంగా ముదురు చెట్టునే ఎంచుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి చెట్లను కుప్పలుగా కూల్చేసింది. చాలా పార్కుల్లో ఇప్పుడున్నవి ఆ తర్వాత నాటినవి, ఇంకా లేత బెరడుతో ఉన్నాయి. రెండు చేతులతో పట్టుకుంటే అందేంత సన్నటి చెట్టుకు డిస్కు పదే పదే తగిలితే గాయమవుతుంది. వేప, చింత, రావి, నిద్రగన్నేరు లాంటివి లావుగా, గరుకు బెరడుతో ఉన్నవి చూసుకోండి. ఎంచుకున్న చెట్టు కింద నిలబడి ఓసారి పైకి చూడండి. తేనెపట్టుగానీ కందిరీగల గూడుగానీ ఉంటే ఆ చెట్టును మరిచిపోండి.

మోకాలి ఎత్తున ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి రంగు గుడ్డ పేలికలు కట్టండి. ఆ రెండిటి మధ్య కాండానికి డిస్కు నేరుగా తగిలితే ఆ గమ్యం ముగిసినట్టు. ఆట అయ్యాక పేలికలు విప్పి సంచిలో వేసుకోవాలి.

బుట్టే కావాలనుకుంటే, కంచరపాలెం వైపో ఆటోనగర్‌లోనో ఏ వెల్డింగ్ షాపులోనైనా చేయించుకోవచ్చు. నిలువు గొట్టం, పైన సైకిల్ రిమ్ము, రిమ్ము నుంచి గొట్టం వైపు వదులుగా వేలాడే గొలుసులు, కింద ఇనుప ఊచల బుట్ట. బుట్ట అంచు నేల నుంచి 80 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. అడుగున బరువైన దిమ్మె పెట్టిస్తే తవ్వకుండానే నిలబడుతుంది, ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోవచ్చు. గొలుసులు బిగుతుగా వేస్తే డిస్కు తగిలి వెనక్కి వచ్చేస్తుంది. వదులుగానే వేయమని వెల్డరుకు రెండుసార్లు చెప్పండి.

సందు చదవడం

ఆటలో అసలు పని ఇది. విసరడానికి ముందు ఒక నిమిషం నిలబడి చూడడం అలవాటు చేసుకుంటే, నెల రోజులు చేతికి సాధన చేసినదాని కంటే ఎక్కువ లాభం.

కొత్తవాళ్ళు గమ్యాన్ని చూసి విసురుతారు. చెట్ల మధ్య గమ్యం వైపు చూడడం రెండో పని. మొదట చూడవలసింది మీకు దగ్గరగా ఉన్న సందు. కొలత చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2 మీటర్ల వెడల్పున్న సందు మీకు 10 మీటర్ల దూరంలో ఉంటే, మీ విసురుకు దాదాపు 11 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. అదే వెడల్పు సందు 30 మీటర్ల అవతల ఉంటే 4 డిగ్రీలు కూడా ఉండదు. దగ్గరి సందులోంచి కొత్తవాళ్ళు కూడా పంపగలరు. దూరపు సందులోంచి తీసుకెళ్ళడం ఆరితేరినవాళ్ళకూ కష్టమే. కాబట్టి ఒకే విసురుతో రెండు సందులు దాటించాలనే ఆశ వదులుకోండి. మొదటి సందు దాటాక, రెండో సందు ముందు ఖాళీగా ఉన్నచోట డిస్కు పడేలా విసరండి. అక్కడి నుంచి చూస్తే ఆ రెండో సందు కూడా దగ్గరి సందే అవుతుంది.

ఒక దారి తీసుకుని చూద్దాం. టీ (మొదటి విసురు వేసే చోటు) నుంచి గమ్యం 55 మీటర్లు. 8 మీటర్ల దగ్గర సరుగుడు వరస, అందులో మూడు సందులు. ఎడమది వెడల్పుగా ఉంది, మధ్యది గమ్యానికి నేరుగా ఉంది గానీ ఇరుకు, కుడిది ఇంకా ఇరుకు. 35 మీటర్ల దగ్గర చింతచెట్టు కొమ్మ ఒకటి తల ఎత్తుకు వంగి ఉంది. దాని అవతల, కాస్త కుడికి, గమ్యంగా పెట్టుకున్న వేపచెట్టు.

మనసు మధ్య సందు మీదికే పోతుంది. వెడల్పైన ఎడమ సందునే తీసుకోండి. అందులోంచి పుటర్‌ను నడుము ఎత్తున తిన్నగా 30 మీటర్లు పంపితే, చింతకొమ్మకు ఇవతల ఖాళీలో పడుతుంది. అక్కడి నుంచి గమ్యానికి పాతిక మీటర్లు. కొమ్మ కిందుగా తక్కువ ఎత్తున ఇంకో విసురు, దగ్గరికి వెళ్ళాక చివరిది. మూడుతో పార్. మధ్య సందుకు ఆశపడినవాళ్ళలో నలుగురిలో ఒకరికి రెండుతో అయిపోవచ్చు, మిగతా ముగ్గురు సరుగుడు మొదట్లోంచి పక్కకు విసురుకుంటూ ఐదుకో ఆరుకో తేలతారు. పందెం కట్టమంటే నేను ఎడమ సందు మీదే కడతాను.

సందు ఎంచుకున్నాక ఆ సందులోనే కంటి ఎత్తున ఏదో ఒక గుర్తు పట్టుకోండి. అవతల కనిపించే ఒక ఆకుల గుత్తో, దూరపు చెట్టు మీది మచ్చో ఏదైనా సరే. రెండు చెట్ల మధ్య ఖాళీకి గురిపెట్టమంటే కన్ను తెలియకుండానే చెట్టు మీదికి పోతుంది. గుర్తు ఉంటే కన్ను అక్కడే నిలుస్తుంది, చేయి దాని వెంటే పోతుంది.

పైకప్పును కూడా చూడండి. చెట్ల కింద ఆడేటప్పుడు కొమ్మలే పైకప్పు. డిస్కు ముందు అంచు కాస్త పైకి లేచినా గాలి తగిలి ఎత్తుకు ఎగురుతుంది, కొమ్మలో తగిలి నిట్టనిలువుగా కింద పడుతుంది. సగం విసుర్లు ఇలాగే పాడవుతాయి. అందుకే ముందు అంచు ఒక పిసరు కిందికి ఉంచి, విసురు ఛాతీ కంటే కింద నుంచే వదలాలి.

విసరడం

పరుగెత్తుకుంటూ వచ్చి విసరడం వీడియోల్లో అందంగా ఉంటుంది. వేళ్ళు తేలిన నేల మీద, సరుగుడు ఆకులు పరుపులా పడ్డచోట కాలు జారుతుంది. నిలబడే విసరండి. 40, 50 మీటర్లకు అది చాలు.

బ్యాక్‌హ్యాండ్‌కు: బొటనవేలు డిస్కు పైన, చూపుడువేలు అంచు పొడుగునా, మిగతా మూడు కింద విసనకర్రలా పరిచి పట్టుకోండి. కుడిచేతివాళ్ళయితే కుడి భుజం గురివైపు ఉండేలా పక్కకు నిలబడండి. అడుగులు భుజాలంత ఎడం, మోకాళ్ళు కొద్దిగా వంచి. డిస్కును ఎడమ ఛాతీ దాకా వెనక్కి తీసుకెళ్ళి, ఛాతీకి దగ్గరగా ఒక గీత గీసినట్టు తిన్నగా ముందుకు లాగండి. బరువు వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి రావాలి. మోచేయి ముందు, ముంజేయి తర్వాత, మణికట్టు చివర. వేగం ఆ చివర్లోనే పుట్టాలి. మొదట్లోనే జోరు చూపితే డిస్కు గిలగిల్లాడుతూ పోతుంది.

గురి తప్పిందంటే దానికి దాదాపు ఎప్పుడూ రెండే కారణాలు. ఎడమకు పోతోందంటే ముందే వదిలేస్తున్నారు, పట్టు వదులుగా ఉందో చేయి తడిగా ఉందో చూడండి. కుడికి పోతోందంటే ఆలస్యంగా వదులుతున్నారు. గట్టిగా విసరాలని పిడికిలి బిగించినప్పుడు ఇలా అవుతుంది. బలం సగానికి తగ్గించి మళ్ళీ విసిరి చూడండి.

ఇక వంపులు. డిస్కు బయటి అంచు కిందికి వంచి వదిలితే ఎడమకు వంగుతూ పోతుంది, దాన్ని హైజర్ అంటారు. బయటి అంచు పైకెత్తి వదిలితే కుడికి, అది యాన్‌హైజర్. చెట్టు చుట్టూ తిప్పాలంటే ఇవి కావాలి. మొదటి రెండు మూడు వారాలు వీటి జోలికి వెళ్ళకుండా, తిన్నగా 30 మీటర్లు పంపడం మీదే ఉండండి.

ఫోర్‌హ్యాండ్ మాత్రం త్వరగా నేర్చుకోవాలి, చెట్టు వెనక నుంచి బయటపడాలంటే అదే దిక్కు. చూపుడు, మధ్య వేళ్ళు అంచు లోపలికి ఆనించి, బొటనవేలు పైన పెట్టి, మోచేయి పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, మణికట్టుతో విదిలించాలి. చిన్నప్పుడు చెరువులో పెంకు కప్పగంతులు వేయించిన చేతికి ఇది వెంటనే వస్తుంది, ఆ విదిలింపే ఇక్కడా పనికొస్తుంది. కుడిచేతి ఫోర్‌హ్యాండ్ చివర్లో కుడికి వాలుతుంది. అంటే బ్యాక్‌హ్యాండ్ ఎడమకు, ఫోర్‌హ్యాండ్ కుడికి. రెండూ చేతిలో ఉంటే ఎటు వంగే దారైనా మీదే.

చెట్టు వెనక ఇరుక్కుంటే

ఇరుక్కుంటారు, ఎంత బాగా ఆడేవాళ్ళైనా. అప్పుడు ఏం చేస్తారన్న దాన్నిబట్టే స్కోరు ఉంటుంది.

డిస్కు చింతచెట్టు మొదలుకు ఆనుకుని పడింది అనుకోండి. గమ్యం నేరుగా అవతల. రెండు వేళ్ళంత సందులోంచి వెలుగు కనిపిస్తుంది. "పడితే పడుతుంది" అనిపిస్తుంది. ఆ సందు మీకోసం కాదు. చుట్టూ తిరిగి చూడండి: పక్కకు గానీ, కొంచెం వెనక్కి గానీ, చెయ్యి బారంత వెడల్పున ఖాళీ ఎక్కడుంది? అక్కడికి పుటర్‌తో 10, 15 మీటర్లు మెల్లగా పంపండి. ఒక విసురు పోయినట్టుంటుంది, కానీ తర్వాతి విసురు నడిదారి నుంచి వస్తుంది. మొండికేసి మూడుసార్లు అదే చెట్టుకు కొట్టే మనిషి ప్రతి జట్టులో ఒకరు ఉంటారు. ఏం చేయకూడదో ఆ ఆటగాణ్ణి చూసి నేర్చుకోండి.

నిలబడే పద్ధతికి నియమం ఉంది. డిస్కు పడ్డచోట దాని ముందు చిన్న గుర్తుబిళ్ళ పెట్టాలి, లేదా డిస్కునే అలా వదిలి వేరే డిస్కు విసరాలి. గుర్తుకు వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న చోటులో ఒక కాలైనా ఆని ఉండాలి. ఇంకో కాలు వెనకైనా పక్కకైనా ఎంత దూరమైనా చాపవచ్చు, గమ్యానికి దగ్గరగా మాత్రం పోకూడదు. ఒక మోకాలు నేలకు ఆనించి, నడుము పక్కకు వంచి చెట్టు పక్క నుంచి ఫోర్‌హ్యాండ్ విసరడం చాలాసార్లు పనిచేస్తుంది. ఇంటి దగ్గరే పెరట్లో నాలుగుసార్లు చేసి చూసుకోండి, లేకపోతే మర్నాడు నడుము పట్టేస్తుంది.

అడ్డొచ్చిన కొమ్మను విరవకూడదు, వంచి పట్టుకోకూడదు. కొమ్మలు తక్కువ కదిలేలా ఉన్న చోట నిలబడాలి. కాళ్ళ కింద రాలిన ఆకులు, విరిగిపడ్డ పుల్లలు, రాళ్ళు తీసేసుకోవచ్చు. మీకూ గమ్యానికీ మధ్య ఉన్నవాటిని మాత్రం ముట్టుకోకూడదు. నిలబడడానికే వీల్లేని ముళ్ళపొద అయితే ఒక విసురు అదనంగా లెక్క వేసుకుని, గమ్యం నుంచి డిస్కు మీదుగా వెనక్కి గీసిన గీత వెంట ఎంత దూరమైనా వెనక్కి రావచ్చు.

డిస్కు చెట్టు పైనే చిక్కుకుంటే, సరిగ్గా దాని కింది నుంచి ఆడవచ్చు. ముందే అనుకుంటే తప్ప దానికి శిక్ష లేదు. దాన్ని దించడానికి ఇంకో డిస్కు విసిరారా, రెండూ పైనే ఉంటాయి. తోటమాలి దగ్గర మామిడికాయలు కోసే దోటి ఉంటుంది, అడిగి తీసుకోండి. చెట్టెక్కకండి.

చివరి పది మీటర్లు

గమ్యం చుట్టూ 10 మీటర్ల లోపల నియమం కొంచెం కఠినం. విసిరాక నిలదొక్కుకోవాలి, విసురు ఊపులో ముందుకు పడిపోతే చెల్లదు. ముందు కాలు గుర్తు వెనక, బరువంతా దాని మీద, చేయి గమ్యం వైపు చాచి ఆపడం. తక్కువ తిప్పి, తిన్నగా. 5 మీటర్ల నుంచి తడబడకుండా కొట్టగలిగితే చాలు, పార్క్ రౌండుకు మీరు సిద్ధం. ఇంట్లో గోడకు దుప్పటి వేలాడదీసి రోజూ పది నిమిషాలు వేసుకోవచ్చు. దుప్పటి ఎవరిదో ముందు కనుక్కోండి.

లెక్క, వరస

మొదటి గమ్యానికి చీటీ వేసుకోండి. తర్వాత నుంచి ముందు గమ్యంలో తక్కువ విసుర్లు వేసినవాళ్ళు టీ దగ్గర ముందు విసురుతారు. దారిలో గమ్యానికి ఎవరు దూరంగా ఉంటే వాళ్ళది వంతు. నడకదారి, పూలమడులు, చెరువు గట్టు అవతల అన్నీ హద్దు బయట అని ముందే అనుకోండి. హద్దు దాటితే ఒక విసురు అదనం, దాటిన చోటికి ఒక మీటరు లోపలి నుంచి మళ్ళీ ఆట. డిస్కు కనిపించకపోతే మూడు నిమిషాలు వెతకాలి. అప్పటికీ దొరకకపోతే ఒక విసురు అదనంగా వేసుకుని, విసిరిన చోటి నుంచే మళ్ళీ విసరాలి.

గాలి, వాన, నేల

ఉదయం గాలి దాదాపు ఉండదు. పొద్దెక్కాక సముద్రం నుంచి గాలి మొదలై మధ్యాహ్నానికి ముదురుతుంది. చెట్ల లోపల అది తెలియదు, డిస్కు చెట్లు దాటి ఖాళీలోకి రాగానే పట్టేస్తుంది. ఎదురుగాలిలో డిస్కు లేచి కుడికి తిరుగుతుంది, కాబట్టి ఇంకా తక్కువ ఎత్తున, ఎడమకు వాలే గుణమున్న డిస్కు వాడండి. వెనక గాలిలో తేలకుండా త్వరగా కింద పడుతుంది.

వానాకాలంలో ఎర్రమట్టి డిస్కు అంచుకు అంటుకుని ఆరిపోతే పట్టు మారిపోతుంది. ప్రతి విసురుకూ ముందు అంచు తుడవాలి, రెండో తువ్వాలు అందుకే. అక్టోబర్, నవంబర్ తుపానుల తర్వాత సగం విరిగి వేలాడే కొమ్మలు ఉంటాయి. వాటిని తీసేదాకా ఆ మూలకు వెళ్ళకండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆటకు మంచి కాలం.

ఆకుల కుప్పలోకి చేయి పెట్టి డిస్కు వెతకకండి. ముందు కర్రతో కదపండి, తర్వాత కళ్ళతో చూడండి, ఆ తర్వాతే చేయి. మన ప్రాంతంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఉన్నాయి. ముందు మూసిన బూట్లు, పొడవాటి ప్యాంటు తప్పనిసరి. ఎవరికైనా కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం చేయకండి. ఆ కాలో చేయో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కి తీసుకెళ్ళండి. పార్కులో వీధికుక్కలు ఉంటే డిస్కు వెంట పరుగెత్తి నోట కరుచుకుపోతాయి. నియమాల ప్రకారం జంతువు కదిపిన డిస్కును, అది మొదట ఆగిన చోటికి తెచ్చి అక్కడి నుంచి ఆడాలి. ముందు కుక్క దగ్గర నుంచి తీసుకోవాలి మరి.

చివరి గమ్యం అయ్యాక పేలికలు పన్నెండూ విప్పారో లేదో, డిస్కులు ఎవరివి వాళ్ళకు చేరాయో లేదో లెక్క చూసుకోండి. ఒక డిస్కు తగ్గితే అది ఎక్కువగా ఉండేది టీకి 10 మీటర్ల లోపల, మొదటి చెట్టుకు తగిలి వెనక్కి మళ్ళిన చోట. అక్కడ వెతికి, దొరక్కపోతే వాచ్‌మన్ బాబాయ్‌కి రంగు చెప్పి వెళ్ళండి.